శిక్ష ముగిశాక పర్యవేక్షణ: ఎవరి ఆదేశంతో, ఏ రుజువుతో, ఎంతకాలం?

హత్యాయత్నం కేసులో పడిన పదేళ్ల శిక్షను పూర్తిగా అనుభవించిన వ్యక్తి ఒకడు, వెంకటాచలం మండలం చెముడుగుంటలోని నెల్లూరు కేంద్ర కారాగారం నుంచి విడుదలై, కావలి దాపున ఉన్న సొంత ఊరికి తిరిగి వచ్చాడనుకుందాం. అతని చేతిలో కత్తిపోట్లు తిని బతికి బయటపడిన మనిషి ఇల్లు అదే వీధిలో నాలుగిళ్ల అవతల ఉంది. కోర్టు వేసిన శిక్షలో ఒక్కరోజు కూడా మిగల్లేదు కనుక ఇక అతన్ని కట్టడి చేసే హక్కు ఎవరికీ లేదని అతని వకీలు అంటాడు. సాక్ష్యం చెప్పామని మా మీద పగబట్టి ఉన్నాడంటూ బాధిత కుటుంబం స్టేషనుకు వెళ్లి మొరపెట్టుకుంటుంది. ఎస్సై తన చేతిలో ఉన్న పని తాను చేస్తాడు: రౌడీ షీటు తెరుస్తాడు, లేదా తహసీల్దారు ఎదుట నిలబెట్టి బైండోవర్ చేయిస్తాడు, అంటే సత్ప్రవర్తనకు బాండు రాయిస్తాడు. ఈ మొత్తం వ్యవహారంలో అతని నేరాన్ని విచారించి, గాయాల నివేదిక చదివి, శిక్ష విధించిన సెషన్స్ కోర్టు ఎక్కడా కనిపించదు.

కోర్టు తప్పుకున్న చోట స్టేషను రిజిస్టరు వచ్చి కూర్చోవడమే మన దగ్గరి అసలు సమస్య అని నా అభిప్రాయం. హింసాత్మక నేరం చేసి, మళ్లీ చేసే ప్రమాదం ఎక్కువగా ఉన్న వ్యక్తిని శిక్ష తర్వాత కొంతకాలం గమనించి ఉండటం తప్పా, ఒప్పా అన్న చర్చ ఒకటుంది. ఆ గమనింపు ఎవరి ఆదేశంతో, ఏ రుజువు మీద, ఎన్నాళ్లు సాగాలన్నది దానికంటే ముందు తేల్చుకోవలసిన ప్రశ్న.

మొదట ఒక చిక్కుముడి విప్పాలి. పెరోల్, శిక్ష తగ్గింపు, ముందస్తు విడుదల వేరు. ఇక్కడ చర్చిస్తున్న పర్యవేక్షణ వేరు. జీవిత ఖైదీని ప్రభుత్వం సత్ప్రవర్తన కారణంగా షరతులతో వదిలిపెట్టినప్పుడు అతని శిక్ష ఇంకా మిగిలే ఉంటుంది. షరతు తప్పితే, పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 473వ సెక్షన్ కింద తగ్గింపును రద్దుచేసి, మిగిలిన శిక్ష అనుభవించడానికి మళ్లీ లోపలికి పంపవచ్చు. అంటే ఆ షరతులకు బలం పాత తీర్పులోనే ఉంది. పదేళ్లకు పదేళ్లూ అనుభవించి వచ్చినవాడి విషయంలో అలాంటి బలం ఏదీ మిగలదు. అతని మీద షరతు పెట్టాలంటే కొత్త ఆధారం, కొత్త ఆదేశం కావాలి. చాలా చర్చల్లో ఈ రెండింటినీ కలిపేసి మాట్లాడటం వల్లనే "జైలు నుంచి వచ్చినవాడి మీద కన్నేసి ఉంచడానికి చట్టం ఉందిగా" అన్న తేలిక అభిప్రాయం ఏర్పడింది.

బయటి దేశాలు ఏం చేశాయి?

ఈ కొత్త ఆదేశాన్ని న్యాయస్థానమే ఇచ్చే పద్ధతికి ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రం మంచి ఉదాహరణ. అక్కడ 2006లో లైంగిక నేరస్థుల కోసం చేసిన చట్టాన్ని 2013లో తీవ్ర హింసకు పాల్పడినవారికి కూడా వర్తింపజేశారు. ఖైదీ శిక్షాకాలం చివరి తొమ్మిది నెలల్లో పడ్డాకనే ప్రభుత్వం ఆ రాష్ట్ర సుప్రీంకోర్టుకు దరఖాస్తు చేయగలదు. పేరు సుప్రీంకోర్టే అయినా అది మన హైకోర్టు స్థాయిది. దరఖాస్తులో పస ఉందని తొలి విచారణలో తోస్తే, కోర్టు తన తరఫున ఇద్దరు మానసిక వైద్యులనో మనస్తత్వ నిపుణులనో నియమించి, వారిచేత ఖైదీని పరీక్షింపజేసి, విడివిడిగా నివేదికలు తెప్పించుకుంటుంది. ఆ నివేదికలను ఖైదీ వకీలు ప్రశ్నించవచ్చు. పర్యవేక్షణ లేకుండా వదిలితే ఇతడు మరో తీవ్ర నేరం చేసే ప్రమాదం సమాజం అంగీకరించలేనంతగా ఉందని అధిక సంభావ్యతతో తేలినప్పుడే ఆదేశం వెలువడుతుంది. దాని గడువు ఒక్కోసారికి ఐదేళ్లకు మించదు. ఆ తర్వాత పొడిగించాలంటే ప్రభుత్వం మళ్లీ కోర్టు మెట్లు ఎక్కి, కొత్తగా రుజువు చేసుకోవాలి.

ఆదేశం కింద ఉన్నవాడి బతుకు ఎలా ఉంటుందో కూడా చూడాలి. అతని చీలమండకు ఎలక్ట్రానిక్ పరికరం ఉండవచ్చు. రాబోయే వారంలో ఏ రోజు ఏ వేళకు ఎక్కడికి వెళతాడో ముందుగానే పట్టికలా రాసి పర్యవేక్షణాధికారికి ఇచ్చి అనుమతి తీసుకోవలసి రావచ్చు. మద్యం ముట్టకూడదు, ఫలానా వ్యక్తుల దగ్గరికి వెళ్లకూడదు, చికిత్సకు హాజరు కావాలి, ఫోను చూపమంటే చూపాలి. వీటిలో దేన్ని తప్పినా అది కొత్త నేరమే. ఐదేళ్ల దాకా జైలు పడవచ్చు. ఎవరినీ కొట్టకుండా, తిట్టకుండా, కేవలం చెప్పిన దారిలో కాక వేరే దారిలో ఇంటికి వెళ్లినందుకు మళ్లీ జైలుకు పోయే పరిస్థితి ఇందులో ఉంది. ఈ పద్ధతిని మెచ్చుకునేవారు ఈ సంగతిని దాచకూడదు.

ఇదే బాటలో నడిచిన ఇతర చోట్ల గడువులు, పేర్లు మారుతాయి. ఆస్ట్రేలియాలోనే ఉన్న విక్టోరియా రాష్ట్రం 2018 చట్టంతో 15 ఏళ్ల దాకా పర్యవేక్షణకు వీలు కల్పించింది. న్యూజిలాండ్ 2014లో తన చట్టాన్ని అత్యంత ప్రమాదకర హింసా నేరస్థులకు విస్తరించింది. అక్కడ గడువు పదేళ్లు. జర్మనీలో ఉద్దేశపూర్వక నేరానికి రెండేళ్లో అంతకుమించో శిక్షను పూర్తిగా అనుభవించి వచ్చినవారి మీద పర్యవేక్షణ దాదాపు సాధారణ నియమం. కెనడాలో క్రిమినల్ కోడ్ 810.2 సెక్షన్ కింద, వ్యక్తిగత హింసతో కూడిన తీవ్ర నేరం చేస్తాడన్న భయానికి తగిన కారణాలుంటే, ఏడాది పాటు మంచి నడవడికకు కోర్టులో హామీ రాయించుకోవచ్చు; అలాంటి నేరంలో లోగడ శిక్ష పడినవాడైతే రెండేళ్లు. ఈ కెనడా పద్ధతికీ మన బైండోవర్‌కూ మూలం ఒకటే: నేరం జరగకముందే శాంతికి హామీ తీసుకునే పాత ఇంగ్లీషు న్యాయాధికారుల అధికారం. కెనడాలో అది జడ్జి చేతిలో మిగిలింది, మన దగ్గర చాలావరకు రెవెన్యూ అధికారి చేతికి వచ్చింది.

ఇది రెండో శిక్ష కాదా?

చేసిన నేరానికి శిక్ష అనుభవించాక చేయబోయే నేరానికి మళ్లీ కట్టడి ఏమిటన్న అభ్యంతరం అన్ని దేశాల కోర్టుల్లోనూ వచ్చింది. శిక్ష ముగిసిన లైంగిక నేరస్థుణ్ని జైల్లోనే కొనసాగించే క్వీన్స్‌లాండ్ రాష్ట్ర చట్టాన్ని, ఆ దేశపు అత్యున్నత న్యాయస్థానమైన ఆస్ట్రేలియా హైకోర్టు 2004లో ఫార్డన్ కేసులో సమర్థించింది; ఉద్దేశం శిక్షించడం కాదు, సమాజాన్ని కాపాడటమేనన్నది ఆ వాదన సారం. అదే ఫార్డన్ విషయంలో ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కమిటీ 2010లో అందుకు విరుద్ధంగా, ఆ నిర్బంధం ఏకపక్షమైనదని తేల్చింది. జర్మనీలో నివారణ నిర్బంధానికి ఉన్న పదేళ్ల పరిమితిని 1998లో ఎత్తివేసి, అంతకుముందే శిక్షపడిన వ్యక్తికి దాన్ని వర్తింపజేస్తే, యూరోపియన్ మానవ హక్కుల న్యాయస్థానం 2009లో దాన్ని శిక్ష కిందనే లెక్కకట్టి, వెనక తేదీ నుంచి శిక్ష పెంచడం చెల్లదంది. మన రాజ్యాంగం 20వ అధికరణ మొదటి క్లాజు చెప్పేదీ అదే: నేరం చేసిన నాటి చట్టం అనుమతించినదానికి మించిన శిక్ష వేయరాదు. కనుక రేపు ఇలాంటి చట్టం ఇక్కడ వచ్చినా, ఇప్పటికే జైల్లో ఉన్నవారికి అది వర్తిస్తుందా అన్న ప్రశ్న మొదటి రోజే కోర్టుకెక్కుతుంది.

పై తీర్పులు ప్రధానంగా నిర్బంధం గురించినవి. బయట పర్యవేక్షణ నిర్బంధం కంటే తేలికైనదే అయినా తేలికైనదల్లా శిక్ష కాకుండా పోదు. న్యూజిలాండ్ అప్పీలు కోర్టు 2021లో తమ పర్యవేక్షణ ఆదేశాలను కూడా రెండో శిక్షగానే పరిగణించింది.

రెండో అభ్యంతరం జోస్యం గురించినది, నా దృష్టిలో మొదటిదానికంటే గట్టిది. ప్రమాదాన్ని అంచనా కట్టడానికి నిపుణులు వాడే కొలమానాలు కొన్ని ఉన్నాయి. వాటిలో హెచ్‌సీఆర్-20 అనేది పది గత చరిత్ర అంశాలను, ఐదు ప్రస్తుత మానసిక స్థితి అంశాలను, ఐదు భవిష్యత్ పరిస్థితుల అంశాలను కలిపి చూస్తుంది. గతంలో హింస, మద్యం, ఉపాధి, కుటుంబ బంధాలు, చికిత్సకు స్పందన వంటివి అందులోకి వస్తాయి. ఇవి గాలివాటు ఊహల కంటే మెరుగైనవే. కానీ ఒక లెక్క వేసి చూడండి; అంకెలు కేవలం ఉదాహరణకు తీసుకున్నవి. విడుదలైన 1,000 మందిలో 100 మంది మళ్లీ తీవ్ర హింసకు పాల్పడతారనుకుందాం. కొలమానం ఆ 100 మందిలో 75 మందిని సరిగ్గా పట్టుకుంటుంది, మిగిలిన 900 మందిలో నాలుగో వంతును, అంటే 225 మందిని, పొరపాటున ప్రమాదకరులంటుంది. మొత్తం 300 మందికి ముద్ర పడితే అందులో నలుగురిలో ముగ్గురు ఏ నేరమూ చేయబోనివారు. అసలు చేయబోయేవారిలో 25 మంది ఏ ముద్రా పడకుండా వెళ్లిపోయారు.

ఈ లెక్క నిర్బంధాన్ని సమర్థించడాన్ని కష్టం చేస్తుంది. పర్యవేక్షణ విషయంలో అంత కష్టం ఉండదు. 225 మంది నిర్దోష భవిష్యత్తు గలవారిని జైల్లో ఉంచడానికీ, వారానికోసారి ఒక అధికారి ముందు హాజరు కమ్మనడానికీ చాలా దూరం ఉంది. అందుకే పర్యవేక్షణకు గడువు, సమీక్ష తప్పనిసరి అవుతాయి: పొరపాటున ముద్ర పడినవాడికి బయటపడే దారి అదొక్కటే. పైగా ఈ కొలమానాలు ఎక్కువగా కెనడా, యూరప్ ఖైదీలను, రోగులను పరిశీలించి తయారుచేసినవి. స్థిరమైన ఉద్యోగం లేకపోవడం, చిన్నతనంలో బడి మానేయడం వంటివాటికి మార్కులు వేసే పట్టికను అల్లూరు మండలంలో రొయ్యల గుంటల మీద కాపలా కాసే యానాది యువకుడి మీద యథాతథంగా ప్రయోగిస్తే, అది కొలిచేది ప్రమాదాన్ని కాక పేదరికాన్ని అయ్యే అవకాశముంది.

మన దగ్గర నడుస్తున్నది

నెల్లూరు, ఒంగోలు ప్రాంతాల్లో వార్తలు చదివేవారికి ఆదివారం కౌన్సెలింగ్ కొత్త కాదు. స్టేషను ఆవరణలో పాత నేరస్థులనూ రౌడీ షీటర్లనూ వరసగా కూర్చోబెట్టి, పేరు పేరునా పిలిచి, ఇప్పుడేం పని చేస్తున్నావు, ఎవరితో తిరుగుతున్నావు, ఫోను నంబరు మారిందా అని అడిగి, రిజిస్టరులో సంతకం పెట్టించి, గొడవల్లో తలదూరిస్తే, విచారణ లేకుండా నిర్బంధించే పీడీ యాక్టు పెడతామని హెచ్చరించి పంపుతారు. ఎన్నికలు దగ్గరపడితే, జాతరలు వస్తే ఈ పిలుపులు పెరుగుతాయి. సంతకం పెట్టినవాడి దగ్గర తనను ఎందుకు పిలిచారో చెప్పే కాగితం ఉండదు. ఎప్పటిదాకా పిలుస్తారో చెప్పే తేదీ ఉండదు.

దీనికి ఆధారం రాష్ట్ర పోలీసు మాన్యువల్‌లోని 601వ ఆర్డరు వంటి శాఖాపరమైన ఉత్తర్వులు. శాసనసభ చేసిన చట్టం కాదు. ఈ తేడా చిన్నది కాదు. 1962 డిసెంబరులో ఖరక్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఉత్తరప్రదేశ్ పోలీసు నిబంధనల్లోని రాత్రిపూట ఇళ్ల సోదాను కొట్టివేసింది, మిగతా నిఘాను మాత్రం ఉండనిచ్చింది. ఆ కేసులో గమనించవలసిన సంగతి ఒకటుంది: ఖరక్ సింగ్‌ను దోపిడీ కేసులో పట్టుకుని సాక్ష్యం లేక వదిలేశారు. అంటే ఏ కోర్టూ దోషిగా తేల్చని మనిషి మీద హిస్టరీ షీటు నడిచింది. 1980 డిసెంబరులో మలక్ సింగ్ కేసులో, నిఘా రిజిస్టరు ఉండవచ్చు గాని దానికి సహేతుకమైన నమ్మకం ఆధారంగా ఉండాలని, మనిషి గౌరవాన్ని దెబ్బతీసేలా నిఘా ఉండరాదని కోర్టు చెప్పింది. 2017లో పుట్టస్వామి తీర్పు గోప్యతను ప్రాథమిక హక్కుగా ప్రకటించి, దానిలో జోక్యానికి చట్టం ఉండాలని, లక్ష్యం న్యాయమైనది కావాలని, చర్య ఆ లక్ష్యానికి తగిన మోతాదులోనే ఉండాలని గీత గీసింది. శాఖాపరమైన ఆర్డరు ఈ మూడింటిలో మొదటి మెట్టు దగ్గరే తడబడుతుంది. 2024 మేలో అమానతుల్లా ఖాన్ కేసులో సుప్రీంకోర్టు మరో అడుగు వేసి, వెనుకబడిన, దళిత, గిరిజన వర్గాలవారి పేర్లు హిస్టరీ షీట్లలోకి యాంత్రికంగా ఎక్కకుండా చూడాలని రాష్ట్రాలను కోరింది.

బైండోవర్‌కు మాత్రం శాసనం ఉంది. సంహిత 129వ సెక్షన్ కింద, అలవాటుగా నేరాలు చేసేవాడినీ, పూచీకత్తు లేకుండా బయట ఉంటే సమాజానికి అపాయకరమయ్యేంత తెగించిన ప్రమాదకారినీ ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటు పిలిచి, మూడేళ్ల దాకా సత్ప్రవర్తనకు బాండు అడగవచ్చు. మన మండలాల్లో ఆ మేజిస్ట్రేటు తహసీల్దారు. పొద్దున పట్టాదారు పాసుపుస్తకాల పని, మధ్యాహ్నం రేషను కార్డుల పని చూసిన అధికారి, సాయంత్రం ఎస్సై పంపిన నివేదిక చదివి, ఒక మనిషి సమాజానికి అపాయకరమా కాదా అని తేల్చాలి. మానసిక నిపుణుల నివేదిక ఉండదు, వకీలు ఉండటం అరుదు. జామీనుదారులను తెచ్చుకోలేకపోతే జైలుకు పోవలసిందే. దీని ఫలితం ఊహించడానికి పెద్ద తెలివి అక్కర్లేదు: అండదండలున్న రౌడీ గంటలో ఇద్దరు ఆస్తిపరులను తెచ్చి సంతకాలు పెట్టించి వెళతాడు, చిల్లర దొంగతనాల పాత నేరస్థుడు లోపల ఉంటాడు. 1980లో గోపాలనాచారి కేసులో జస్టిస్ కృష్ణయ్యర్ ఈ 129కి మాతృక అయిన పాత కోడ్ 110వ సెక్షన్ గురించి హెచ్చరించింది ఈ దుర్వినియోగం గురించే.

ఇక పీడీ యాక్టు అని పిలిచే 1986 నాటి రాష్ట్ర చట్టం గూండాలను, దోపిడీదారులను, మరికొందరిని విచారణ లేకుండా 12 నెలల దాకా నిర్బంధించనిస్తుంది. పర్యవేక్షణ సరిపోయే చోట నిర్బంధాన్ని వాడే అలవాటు దీనివల్ల పెరిగింది. ఈ చట్టాన్ని మామూలు కేసుల్లో వాడటాన్ని తెలంగాణ నుంచి వచ్చిన అప్పీళ్లలో సుప్రీంకోర్టు 2022లోనూ 2023లోనూ తప్పుపట్టింది.

కప్పరాళ్లతిప్ప అనుభవం

నెల్లూరు జిల్లాలో ఈ విషయం మాట్లాడేవారు బిట్రగుంట దగ్గరి పాత నేరస్థ తెగల సెటిల్‌మెంటు కప్పరాళ్లతిప్పను దాటి పోలేరు. 1871లో ఉత్తర భారతంలో మొదలైన నేరస్థ తెగల చట్టం 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకి వచ్చాక, ఎరుకల కుటుంబాలను తెచ్చి సెటిల్‌మెంట్లలో ఉంచారు. కావలిలో అమెరికన్ బాప్టిస్టు మిషను అలాంటి సెటిల్‌మెంటును నడిపింది. హాజరు పిలుపు, ఊరు దాటాలంటే అనుమతి చీటీ, తప్పితే శిక్ష అక్కడి దినచర్య. ఆ 1911 చట్టంలోని పదో సెక్షన్, నమోదైన వ్యక్తి నిర్ణీత వేళల్లో హాజరు కావాలనీ, తన నివాసాన్నీ నివాసం మార్పునూ నివాసం వదిలి వెళ్లడాన్నీ తెలియజేయాలనీ ఆదేశించడానికి వీలిచ్చింది. నేటి ప్రమాదకర నేరస్థుల మీద విదేశీ కోర్టులు పెడుతున్న షరతులను దాని పక్కన పెట్టి చూస్తే సాధనాలు ఇంచుమించు ఒకటే. పాత చట్టంలో షరతు పడటానికి పుట్టుక చాలు, ఈ విదేశీ పద్ధతుల్లో హింసాత్మక నేరంలో శిక్షపడి, ఆపైన జడ్జి ఎదుట ప్రమాదం రుజువు కావాలి. ఆ రెండు అర్హతలు జారిపోతే కొత్త చట్టం పాత చట్టంలోకి జారుతుంది.

ఇది కేవలం భయం కాదు. నేరస్థ తెగల చట్టం దేశవ్యాప్తంగా 1952 ఆగస్టు 31న రద్దయింది. దాని రద్దు కోసం పోరాడినవారిలో యానాదుల మధ్య జీవితకాలం పనిచేసిన నెల్లూరు జిల్లావాసి వెన్నెలకంటి రాఘవయ్య ముఖ్యులు. కానీ తెగల పేరు పోయిన చోట అలవాటు నేరస్థుల చట్టాలు వచ్చాయి. ఆంధ్రప్రదేశ్‌లో 1962లో అలాంటి చట్టం చేశారు. రాతలో వ్యక్తిని చూసే చట్టం ఆచరణలో పాత సెటిల్‌మెంట్ల వైపే చూసింది. 2024 అక్టోబరులో సుకన్యా శాంత కేసులో, జైలు నిబంధనల్లోని కుల వివక్షను కొట్టివేస్తూ సుప్రీంకోర్టు, నేరస్థ తెగల ముద్ర తొలగిన విముక్త జాతులను అలవాటు నేరస్థులుగా చూసే ధోరణిని కూడా తప్పుపట్టింది. ఒంగోలులో గాని నెల్లూరులో గాని ఏదైనా దొంగతనం జరిగిన మర్నాడు ఎవరి గుడిసెల ముందు జీపు ఆగుతుందో తెలిసినవారికి ఈ తీర్పు ఎందుకు అవసరమైందో వేరే చెప్పనక్కర్లేదు.

ఉన్న చట్టంలోనే ఉన్న దారి

కొత్త చట్టం వచ్చేదాకా సెషన్స్ కోర్టు చేతులు కట్టుకుని కూర్చోవలసిన పనిలేదు. సంహితలో రెండు సెక్షన్లు ఇందుకు ఉన్నాయి, వాటి గురించి కోర్టు ఆవరణల్లో వినిపించేది తక్కువ.

ఒకటి 125. దౌర్జన్యం, నేరపూరిత బెదిరింపు, శాంతిభంగంతో కూడిన మరికొన్ని నేరాల్లో శిక్ష వేసేటప్పుడే సెషన్స్ కోర్టు గాని ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేటు గాని, మూడేళ్లకు మించని కాలానికి శాంతి కాపాడతానని బాండు రాయించవచ్చు. ముద్దాయి జైలుకు పోతుంటే ఆ మూడేళ్లు శిక్ష ముగిసిన రోజు నుంచి లెక్కకు వస్తాయని 138వ సెక్షన్ చెబుతుంది. అంటే మొదట చెప్పుకున్న కావలి మనిషి విషయంలో, కత్తిపోట్ల సాక్ష్యమంతా తన ముందున్న రోజునే జడ్జి ఈ బాండు గురించి ఆలోచించి ఉండవచ్చు.

రెండోది 394. మూడేళ్లో అంతకుమించో శిక్షపడదగిన నేరంలో ఒకసారి దోషిగా తేలినవాడు అలాంటి నేరంలోనే మళ్లీ దోషిగా తేలితే, జైలుశిక్ష వేసే సమయంలోనే కోర్టు, విడుదలైన తర్వాత ఐదేళ్లకు మించకుండా అతను తన నివాసాన్నీ దాని మార్పునూ అక్కడ లేకపోవడాన్నీ తెలియజేస్తుండాలని ఆదేశించవచ్చు. ఎలా తెలియజేయాలన్న నిబంధనలు రాష్ట్ర ప్రభుత్వం చేయాలి. వాటిని అతిక్రమిస్తే, అతను చివరగా తెలియజేసిన చిరునామా ఏ జిల్లాలో ఉందో అక్కడి మేజిస్ట్రేటు విచారిస్తాడు.

వీటి లోపాలు దాచేవి కావు. రెండూ శిక్ష వేసే రోజునే నిర్ణయించవలసినవి. పదేళ్ల తర్వాత మనిషి ఎలా మారాడో ఆ రోజు ఎవరికి తెలుసు? 394 చిరునామా అడుగుతుంది తప్ప మద్యం మానమనదు, చికిత్సకు పొమ్మనదు, బాధితుడి వీధికి వెళ్లవద్దనదు. షరతులు కొత్తగా చేర్చినా అవి కొలవగలిగినవి కావాలి. గుజరాత్ ప్రభుత్వం ఒక ఖైదీకి శిక్ష తగ్గిస్తూ, విడుదలయ్యాక రెండేళ్లు మర్యాదగా నడుచుకోవాలని షరతు పెడితే, మర్యాద అంటే ఏమిటో ఎవరికి వారు చెప్పుకునే ఆ షరతు చెల్లదని 2024 అక్టోబరులో సుప్రీంకోర్టు అంది. అదే ఏడాది జూలైలో ఫ్రాంక్ వైటస్ కేసులో, నిందితుడు తన గూగుల్ మ్యాప్ లొకేషను నిత్యం పోలీసులకు తెలియజేయాలన్న బెయిలు షరతును గోప్యతకు విరుద్ధమని కొట్టివేసింది. అది ఇంకా నేరం రుజువుకాని మనిషి సంగతి. రెండుసార్లు హింసాత్మక నేరంలో శిక్షపడినవాడి విషయంలో కోర్టు మరోలా చూడవచ్చు. అయినా అలాంటి షరతును ఎస్సై నోటిమాటగా పెట్టడం ఇక కుదరదని మాత్రం స్పష్టం.

మిగిలింది మనుషుల సంగతి. పర్యవేక్షణ అంటే సంతకం కాదు. విడుదలైనవాడి ఇంటికి వెళ్లి, పని దొరికిందో లేదో చూసి, మళ్లీ తాగుడు మొదలైతే ముందే పసిగట్టి, బాధిత కుటుంబానికి అతను వచ్చిన సంగతి చెప్పి, మూడు నెలలకోసారి కోర్టుకు నివేదిక రాసే అధికారి కావాలి. 1958 నాటి ప్రొబేషన్ చట్టం అలాంటి అధికారిని సృష్టించింది. కాకపోతే ఆ చట్టం జైలుకు పంపకుండా వదిలిపెట్టే చిన్న నేరస్థులకోసం. జీవిత ఖైదు పడదగిన నేరాలు దాని నాలుగో సెక్షన్ పరిధిలోకి రావు. జైలు నుంచి వచ్చే ప్రమాదకర నేరస్థుల బాధ్యతను ఆ అధికారులకు శాసనం ద్వారా అప్పగించి, తగినంతమందిని నియమిస్తే, ఆదివారం వరసలో నూటికి తొంభై మందిని ఇంటికి పంపేసి మిగిలినవారిని నిజంగా గమనించవచ్చు. అందరి మీదా కొంచెం కొంచెం నిఘా పెట్టే పద్ధతిలో నిజంగా ప్రమాదకరమైనవాడు సంతకం పెట్టి తలవంచుకుని వెళ్లిపోతాడు.

394లో మరో చిన్న ఉపనిబంధన ఉంది. ఏ శిక్ష ఆధారంగా ఆ ఆదేశం వెలువడిందో ఆ శిక్ష అప్పీలులో రద్దయితే ఆదేశం కూడా దానంతట అదే చెల్లకుండా పోతుంది. రౌడీ షీటుకు అలాంటి ఏర్పాటు లేదు. కేసులన్నీ కొట్టుడుపోయినా షీటు మూయకపోతే, దాన్ని మూయించుకోవడానికి కావలి మనిషైనా సింగరాయకొండ మనిషైనా అమరావతిలోని హైకోర్టు దాకా వెళ్లి రిట్ పిటిషను వేసుకోవలసిందే.